నల్లగుండు దగ్గర మలుపు

నీలమ్మ అన్నదట, సిద్ధలింగమ్మ చిన్నకోడలు బావ చేనుకు బాణామతి చేసిందని. నల్లా దగ్గర బిందె దించి, చుట్టూ నలుగురు ఆడవాళ్లు పోగయ్యేదాకా ఆగి, అప్పుడు అన్నదట. ఆ మాటను చుక్క ఒలకకుండా మోసుకొచ్చి శైలశ్రీ గడపలో దించింది నీలమ్మ కోడలు అంకితే. "'ఎర్రటెండల నల్లగుండు కాడ కూసుంటది, ఒళ్లె కాగితం పరుస్తది, దాని మీద నల్లదారం పాము లెక్క పెడ్తది, పొద్దు దిక్కు చూసి కాగితాన్ని గిర్రున తిప్పుతది, పెదవులు కదుపుతది. గది మంత్రం గాకపోతే ఏంది? గప్పటిసంది రుద్రప్ప కంది నడుమల ఎదుగుతలేదు, మందు కొట్టినా లేస్తలేదు' అన్నది అక్కా మా అత్త. నేనైతే నమ్మలే," అని చివర ఒక తోక తగిలించి, నమ్మినదాని లాగే రెండడుగులు దూరంగా నిలబడింది.

పెదవులు కదిపిన మాట నిజమే, అనుకుంది శైలశ్రీ, ఆ నల్లగుండు బండరాయి కిందే కూర్చుని, ఆ కాగితమే ఒళ్లో పెట్టుకుని. పైన ఉత్తరం, కింద దక్షిణం, కుడి తూర్పు, ఎడమ పడమర, ఇది మంత్రమైతే ఊళ్లో బడికి పోయే ప్రతి పిల్లా మంత్రగత్తే, వాళ్లనూ నల్లా దగ్గర నిలబెట్టి అడుగు నీలమ్మా. తను అర్జీ పెట్టి పిలిపించిన సర్వేయర్ ఖేడ్‌లో బయల్దేరాడు, గంటలో మోకా మీదికి, ఈ చేను దగ్గరికే, వస్తానన్నాడు, ఆ గంట ఇంకా అయిపోలేదు. ఎదురుగా మోదుగ చెట్టు కింద, గెట్టు మీద బావ రుద్రప్ప, పక్కన అత్త సిద్ధలింగమ్మ. ఆయన బీడీ మీద బీడీ, ఆమె ఆకు మీద ఆకు. ఇద్దరూ ఇటు చూడటం లేదు, చూడనట్టు చూస్తున్నారు. నడుమ కంది చేను, ఛాతీదాకా లేచి, పసుప్పచ్చగా పూతకొచ్చి, తేనెటీగల మోతతో, ఏమీ తెలియనట్టు. ఆ చేను లోపల ఎక్కడో బండ్ల బాట ఉంది. పోయినేడు వానాకాలం ఆ బాటను బావ దున్నేశాడు, కంది వేశాడు, ఈ ఏడూ కందే వేశాడు. బాట అవతల ఉన్నది తన చేను, మొగుడు మహంతేష్ వంతుకు వచ్చిన చేను, పెళ్లైన నాటి నుంచి తను రాళ్లేరిన చేను. దానికిప్పుడు బండి పోదు, ట్రాక్టర్ పోదు. పోయిన పంటనంతా వాగులో దిగి, మోకాళ్లలోతు బురదలో, మోపులు నెత్తిన పెట్టుకుని మోసింది. ఈసారీ మొయ్యమంటాడు, లేకపోతే నాకే కౌలుకియ్యి అంటాడు. కౌలుకిస్తే రెండేళ్లకు చేను ఆయనది, కాగితం మీద కాకపోయినా నోటి మీద. పక్కవాళ్ల నోటి మీద ఆయనదైన చేను ఇంక ఎవరిదవుతుంది?

మహంతేష్ ఫోన్‌లో అన్నాడు, వదిలెయ్ శైలా, అన్నతోని ఎందుకు, నేనెట్లాగూ హైదరాబాద్‌లనే ఉంటున్న. వెనక సెంట్రింగ్ చెక్కల మీద సుత్తి దెబ్బలు. బాట లేదా మరి, నువ్వు చిన్నప్పుడు ఎడ్లు తోలుకపోయింది యాడికెల్లి అని అడిగితే, నాకు యాదిలేదు అన్నాడు. యాదిలేదు! పెళ్లైన ఏడాది కార హుణ్ణిమె, ఏరువాక పున్నమి పండుగకు కొమ్ములకు రంగులేసి, మెడకు గంటలు కట్టి, ఎడ్లను ఈ గుండు చుట్టూ తిప్పి తోలుకపోయింది ఎవరు? కొత్తపెళ్లికొడుకువి, కొత్త ధోతి కాలికి తట్టుకుని బోర్లా పడితే నవ్వింది నేను, మీ అన్న కూడా నవ్వాడు, అప్పుడు మీ అన్నకు నవ్వొచ్చేది. గుండు దగ్గర మలుపు ఉంది కాబట్టే పడ్డావు, సక్కటి తొవ్వ మీద ఎవడైనా పడతాడా? యాదిలేకపోవడం మగవాళ్లకు ఎంత సుఖం. ఎడ్లు అమ్మేసినట్టే యాదిని కూడా అమ్మేసుకుని బస్సెక్కొచ్చు.

ఎండ గుండు మీద నుంచి జారి మెడ మీదికి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుంది, ఎండకు కాదు, బావ ఉన్నాడు కాబట్టి. పెళ్లైన నాటి నుంచి ఆయనకు ఎదురుగా ఒక్క మాట చెప్పింది లేదు. ఈ ఇంటి పద్ధతి అది, తమ్ముని పెళ్లాం పెద్దబావతో మాట్లాడదు. చెప్పాల్సింది అత్తకు చెప్పాలి, అత్త లేకపోతే గోడకు, గోడ లేకపోతే దూడకు. 'అత్తీ, అన్నం అయింది అని చెప్పు.' 'ఓ దూడా, నీళ్ల బొక్కెన ఎవరు తీస్కపోయిండ్రు?' ఆయనా అంతే, తల్లితో, 'అవ్వా, దానికి చెప్పు.' తిట్టు కూడా అలాగే చుట్టు తిరిగి వస్తుంది. బాట దున్నిన రోజు ఆయన అరక వెనక పరుగెత్తుతూ తను అరిచింది కూడా ఆయన మీద కాదు, ఎడ్ల మీద. ఆగుండ్రే, ఆగుండ్రే, మీకు కండ్లు లేవా? అద్దెకు తెచ్చిన ఎడ్లు పాపం తల తిప్పి చూశాయి. ఆయన తిప్పలేదు.

తర్వాత ఈ గుండు దగ్గరే పంచాయతీ. ఆ ఎడ్ల కంటే తను ఎక్కువ తెలివిగా ఉందా ఆ రోజు? ఖేడ్‌కు పోయి ఊరి నక్ష అనే భూముల పటం నుంచి తమ చేన్లున్న తునక వరకు జిరాక్స్ తీయించుకొచ్చింది. చౌరస్తాలో జిరాక్స్ షాపువాడు కాగితంలో పట్టాలని కొంచెం చిన్నది చేశాడు. వాగు ఆ తునకలోకి రానే లేదు. దాన్ని బస్వరాజ్ పటేల్ ముందర రెండు చేతులతో పెట్టింది. ఊరి పెద్ద తూర్పు ముఖంగానే కూర్చుంటాడు, ఆయన తండ్రి అలాగే కూర్చునేవాడట. పెద్దల ముందు ఏ కాగితం పెట్టినా వాళ్ల ముఖానికి నిలువుగా పెట్టాలి, అడ్డంగా పెడితే తల మీద కాలు పెట్టినట్టే. శైలశ్రీ అలాగే పెట్టింది, పొందికగా, మూలలు నొక్కి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, నల్లగుండు బొమ్మ మీద వేలు పెట్టి, బాట గీతను వెతికి, "ఇగో, గుండుకు కుడి దిక్కున్నది," అని తన కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి పోయి పోయి వాగులో పడింది. అందరి కళ్లూ ఆ చెయ్యి వెంట వాగులో పడ్డాయి. "నక్షల బాట వాగు పొంటి ఉన్నది బిడ్డా. నువ్వు నడుస్తున్నదే బాట." తను కూడా నమ్మింది. కాళ్లు ఒకటి చెప్తుంటే, కాగితం ఒకటి చెప్పిందని, కాళ్లను కాదని కాగితాన్ని నమ్మింది. అప్పుడు బావ లేచి, దట్టీ దులుపుకుని, తల్లికి చెప్పాడు అందరూ వినేటట్టు, "అవ్వా, దానికి చెప్పు. మొన్న వచ్చినదానికి మా తాతల బాటలేం ఎరుక? బాట నక్షల ఉంటే నక్షలనే నడువుమను." ఎంత నవ్వారో. పెళ్లిలో కూడా అంత నవ్వలేదు ఆ ఊరు.

మొన్న వచ్చినది. పదహారేళ్లకు వచ్చింది, ఇప్పుడు చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు, ఇంకా మొన్న వచ్చినదే. తొమ్మిదో తరగతి కన్నడలో సగం చదివి, సగం పుస్తకం మూసి వచ్చింది. మిగతా సగం ఇప్పుడు చదువుతుంది, తెలుగులో, ఓపెన్ స్కూల్లో, ఆదివారం ఆదివారం ఆటో ఎక్కి నాగల్‌గిద్ద, అక్కడ బస్సెక్కి ఖేడ్. అక్షరాలు అక్కాచెల్లెళ్లే, తలకట్టు చూసి ఏది ఎవరో పోల్చుకోవాలి, అంతే. మొదటి సోషల్ క్లాసులో లిదియా టీచర్ జిల్లా పటం గోడకు తగిలించి ఎవరి ఊరు వాళ్లు చూపించమంది. సిర్గాపూర్ పిల్ల చూపించింది, కంగ్టి పిల్లగాడు చూపించాడు. తను నాగల్‌గిద్ద చూపించి, అక్కడ ఆగక, వేలును ఇంకా పడమరకు జరిపింది. ఒక లావు గీత వచ్చింది, గీత అవతల తెలుపు. అమ్మ ఉన్నది, అన్నలున్నారు, చెరుకు తోటలున్నాయి, తను దూకిన బావి ఉన్నది, అక్కడ ఏమీ లేనట్టు తెలుపు. "అది వేరే రాష్ట్రం శైలశ్రీ, ఈ పటంలకు రాదు," అంది టీచర్. రాదా? ఇక్కడ గాలికి అక్కడి చెరుకు గానుగ వాసన వస్తుంది, పటంలోకి రాదా? ఇంటికి పోయి పుస్తకంలో ఆ తెలుపు మీద పెన్నుతో చుక్క పెట్టింది. గట్టిగా, వెనక పేజీలోకి దిగేటట్టు. పరీక్షలో మార్కులు పోతాయన్నారు, పోనీ. గీసేవాడు వదిలేసిన చోట ఊళ్లు లేవని కాదు. ఆ రోజే అర్థమైంది అది. కాగితం చెప్పేది వినాలి, చెప్పనిది కూడా వినాలి.

ఫోన్ తీసి చూసింది. సర్వేయర్ నుంచి ఏమీ లేదు. రాకపోతే? పోయిన నెల ఇలాగే వస్తానని రాలేదు. ఆ రోజు సాయంత్రందాకా కూర్చుంటే బావ భార్య దారిన పోతూ, మేకకు చెప్పినట్టుగా, "కొందరికి పని లేదు, గుండుకు కాపలా," అని పోయింది. రాకపోతే రేపు కూర్చుంటా. రేపు రాకపోతే ఎల్లుండి. గుండు ఎక్కడికీ పోదు, నేనూ పోను. అత్త ఆకు ఉమ్మేసి ఇటు తిరిగింది, ఏదో అనబోయింది, బావ దగ్గాడు, మళ్లీ అటు తిరిగింది. ఆమె తినేది పెద్దకొడుకు ఇంట్లో, పడుకునేది పెద్దకొడుకు పంచలో. పంచాయతీ రోజు తను ఆమె మోకాలు పట్టుకుని, అత్తీ, నువ్వు ఎరువు బండ్ల మీద పోయిన తొవ్వ ఇదే కదా, చెప్పు, అంటే, "సుమ్మనిరు," అంది. ఊరుకో అని. కొట్టినట్టు కాదు, చంటిపిల్లను జోకొట్టినట్టు. ఆ గొంతు మీద కోపం తెచ్చుకోవడం తనకు ఇప్పటికీ చేతకాలేదు.

పటం తిప్పడం నేర్పిన రోజు ఇంత ఎండే. లిదియా టీచర్ అందరినీ బడి వెనక మైదానంలోకి తీసుకుపోయింది. ఒక పిల్లగాడు పటాన్ని తన ముఖానికి సూటిగా పరుచుకుని కూర్చుని, మేడం, డిపో ఇటా, అని ఎటో చూపించాడు. బస్సులు వెనక నుంచి హారన్ కొడుతున్నాయి, అందరూ నవ్వారు. "పటం నీ ముఖం చూసి పడుకోదు బాబూ," అంది టీచర్. "దాని ఉత్తరాన్ని భూమి ఉత్తరానికి తిప్పు ముందు. తిప్పినంక వేలు పెట్టు. తిప్పకుంట వేలు పెడితే ఊరే తప్పుతది." పిల్లగాడు కాగితం తిప్పాడు, పావు చుట్టు. డిపో వచ్చి డిపో ఉన్న చోట నిలబడింది. శైలశ్రీ చెవుల్లో హారన్లు ఆగిపోయాయి. ఆమె కళ్ల ముందు బస్వరాజ్ పటేల్ తూర్పు ముఖంగా కూర్చుని ఉన్నాడు, ఆయన ముందు కాగితం, కాగితం తల తూర్పుకు. ఉత్తరం తూర్పులో పడుకుని ఉంది, మూలలు నొక్కి, పొందికగా, ఆమె రెండు చేతులతోనే. గుండుకు తూర్పున ఉన్న బాట ఆయన కుడిచేతి వెంట పోయి దక్షిణాన వాగులో మునిగింది. మర్యాద ముంచింది బాటను! ఒక కాగితాన్ని అడ్డంగా పెడితే పెద్దమనిషి చిన్నబోతాడని ఊరు ఊరంతా వాగులోకి చూసింది. నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏడుపు తగిలింది, రెండూ మింగి అడిగింది, మేడం, తెగి తెగి పోయిన జంటగీతలంటే ఏంది? "బండ్ల బాట," అంది టీచర్. "ఒంటిగీత తెగి తెగి పోతే కాలిబాట." జంటగీతలే. తన నక్షలో జంటగీతలే. బండి పట్టే బాట, ఒక్క మనిషి మోపు మోసుకుని పట్టే బాట కాదు.

అప్పటి నుంచే దారం. వంకర బాటను స్కేలుతో కొలవలేం, దారం పరచాలి, గీత మీద వంపు వంపుకూ వేలితో నొక్కాలి, తీసి సాగదీసి పటం కింద గీసిన స్కేలు గీత మీద పెట్టాలి. జిరాక్సువాడు చిన్నది చేశాడే, మరి కొలత తప్పదా అని అడిగితే, రాసిన అంకె తప్పుతుంది, గీసిన గీత తప్పదు, పటంతోపాటు అదీ చిన్నదైంది కదా అంది టీచర్. అది ఎంత నచ్చిందో. పటం ఎంత కుంగితే అంత కుంగి, నిజం మాత్రం వదలని గీత. నల్లదారం జాకెట్ కుట్టగా మిగిలింది. దారం చెప్పింది, బాట రోడ్డు దగ్గర మొదలై, గుండు దగ్గర తూర్పుగా వంగి, తన గెట్టు దగ్గర ఆగుతుందని. కాగితం మీద. కాగితం మీద ఉన్నది నేల మీద ఎక్కడ? అదే అడుగుతాడు సర్వేయర్. కొలత గొలుసు పరుస్తాడు సరే, కాని కంది చేను కంది చేనే, అందులో బాట ఆనవాలు చూపించమంటే ఏం చూపించాలి? బావ దున్నిన పొలంలో గాడి లేదు, రాయి లేదు, గడ్డిపోచ లేదు. ఆయన పని గట్టిగా చేస్తాడు, అది మాత్రం కాదనకూడదు.

పటం గీసేవాడు ఎక్కడ కూర్చుని గీస్తాడు మేడం అని ఎవరో అడిగారు ఆ రోజు. పైన, అంది టీచర్, పక్షి కూర్చున్న చోట. శైలశ్రీ తలెత్తి గుండును చూసింది. ఇన్నేళ్లుగా దాని నీడలో కూర్చుంది గాని దాని మీద ఎక్కలేదు. ఎక్కేది పిల్లలు, మేకలు. బావ ఎదుట ఆడమనిషి గుండెక్కడమా? నీలమ్మకు ఇంకో బిందెడు మాట. ఎత్తుకోనీ, మోయనీ, ఆమె నడుము ఆమె ఇష్టం. చీర కుచ్చిళ్లు దోపుకుంది, చెప్పులు విడిచింది, కాగితం పళ్లతో పట్టుకుంది. రాయి అరికాళ్లను చురుక్కున కాల్చింది. "ఏయ్! ఏనే ఇదు, ఏందే ఇది?" అని అత్త గొంతు, బావ దగ్గు, ఒకటి, రెండు, మూడు దగ్గులు. దగ్గుతో ఎవరూ గుండు దిగరు. పైకి చేరి నిలబడి, ఊపిరి తిప్పుకుని, పొద్దు చూసి, కాగితం ఉత్తరానికి తిప్పి పట్టుకుంది. అప్పుడు చేనును చూసింది.

చేను పడుకుని ఉంది, పటంలా. పసుప్పచ్చ పూత అంతా ఒక్క తీరుగా, గాలికి ఒక్క తీరుగా ఊగుతూ, కాని నడుమ ఒక చార. చారలో కంది నడుముదాకా కూడా లేదు, ఆకు పాలిపోయి, పూత లేదు, గాలికి ఊగడం కూడా తెలియనట్టు బిగుసుకుని నిలబడింది. రుద్రప్ప కంది నడుమల ఎదుగుతలేదు. నీలమ్మా, నీ నోట్లో చక్కెర పొయ్య. మందు కొట్టినా లేస్తలేదు. ఎట్లా లేస్తుంది? తాతల నాటి నుంచి ఎడ్ల గిట్టలు, బండి చక్రాలు, ఎరువు బరువు, గడ్డి బరువు, జొన్న బరువు, తొక్కి తొక్కి తొక్కి రాయి చేసిన మట్టి. అరకతో పైపైన గీరితే పోతుందా? కింద బాట అలాగే ఉంది, వేరును దిగనివ్వకుండా, నోరు మూసుకుని, మొండిగా. నెల రోజులుగా నల్లా దగ్గర ఊరంతా ఆ బాటనే చూస్తూ బాణామతి అంటోంది. తనే ఒక క్షణం భయపడింది, నిజంగా నా దారమే ఏమన్నా చేసిందా అని. శైలశ్రీ కాగితం చూసింది, చేను చూసింది, మళ్లీ కాగితం. జంటగీతలు గుండు దగ్గర వంగాయి. చార గుండు దగ్గర వంగింది. కాలి కింద రాయి కాలుతూనే ఉంది, ఆమెకు దిగాలనిపించలేదు.

బైక్ చప్పుడు. సర్వేయర్ నగేష్, వెనక బస్వరాజ్ పటేల్, చంకలో గొడుగు. నగేష్ బండి స్టాండ్ వేసి, జల్దీ కావాలె, ఇంకా రెండూర్లున్నయి అంటూ నక్ష తీసి సీటు మీద పరిచాడు. పటేల్ ఎటు నిలబడితే కాగితం అటే నిలువుగా సర్దుకుంది, దానంతట అదే, అలవాటుగా. రుద్రప్ప వచ్చాడు, అత్త వచ్చింది. శైలశ్రీ గుండు దిగి వచ్చి, నలుగురి నడుమకు చెయ్యి పోనిచ్చి, కాగితాన్ని పావు చుట్టు తిప్పింది.

"ఏమ్మా, పెద్దోళ్ల ముందర పెట్టిన కాగితం గట్ల తిప్పుతవా?" అన్నాడు పటేల్.

"పొద్దు అటున్నది పటేలా. పొద్దును తిప్పలేను గద," అంది. నగేష్ ఫోన్‌లో దిక్కు చూసి, కాగితం ఎగరకుండా తిప్పిన చోటే తాళంచెవి బరువు పెట్టాడు. "బాట ఆనవాలేమన్న ఉన్నదా?" అని అడిగాడు. గుండెక్కి చూడుండ్రి సార్, అంది. అతను బూట్లతో ఎక్కాడు, జారాడు, మళ్లీ ఎక్కాడు. పైన నిలబడి చేనును చాలాసేపు చూశాడు, చేతిలో నక్షను చూశాడు. కిందికి అడిగాడు, "రుద్రప్పా, గీ నడుమ కంది ఎందుకు ఎదగలే?"

రుద్రప్ప నోట్లో బీడీ తీశాడు. "ఆడ నీళ్లు నిలిచినయి సార్. ఈసారి వాన జాస్తి. నీళ్లు నిలిస్తే కంది ఎదగది, అందరికెరుకే." తల్లి దిక్కు చూసి, "అవ్వా, దానికి చెప్పు," అన్నాడు.

సిద్ధలింగమ్మ చేను దిక్కు తిరిగి ఆకు నమలసాగింది. శైలశ్రీ అత్త దిక్కు చూడలేదు, గుండు దిక్కు చూడలేదు, దూడ ఏదీ అక్కడ లేదు. కొంగు తల మీద నుంచి జారింది, జారనిచ్చింది. బావ ముఖంలోకి సూటిగా చూసింది, మొదటిసారి, ఆ కళ్లు మహంతేష్ కళ్లలాగే ఉన్నాయి.

"నీళ్లు బండి అంత వెడల్పుతోని వచ్చి, గుండు కాడ మలుపు తిరిగి, సక్కగ మా గెట్టు కాడ ఆగినయా బావా?"